కొత్త మందు - మన సందేహాలు

మన కోరాపుట్, రాయగడ ప్రాంతాల్లో కడుపులో బల్ల పెరిగిందంటే ముందుగా మలేరియానే అనుమానిస్తాం. మా మేనమామగారి విషయంలోనూ అదే అనుకున్నాం. పరీక్షల్లో మలేరియా కాదని తేలింది. చివరకు విశాఖపట్నంలో ఎముక మజ్జ పరీక్ష చేసి మైలోఫైబ్రోసిస్ అన్నారు. ఇది అరుదైన రక్త క్యాన్సర్. రక్తం తయారయ్యే మజ్జలో పీచులాంటి పదార్థం పెరిగిపోతుంది. ఆ పని ప్లీహం మీద పడి అది ఉబ్బుతుంది. మనం బల్ల అనేది దాన్నే.

కొత్త మందును పరీక్షిస్తున్నారు, చేరతారా అని డాక్టరుగారు అడిగేసరికి ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడింది. "ఆయన మీద ప్రయోగం చేస్తారా?" అంది అత్తయ్య.

నాకు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొచ్చారు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన మహనీయుడాయన. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. ఆ మేలు ఎక్కువకాలం నిలవలేదు. కానీ దారి దొరికింది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ పిల్లల చికిత్సలో వాడుతున్నారు.

మామయ్యగారి జబ్బుకూ ఇలాగే ఒక మందు వచ్చింది. దాని పేరు రుక్సోలిటినిబ్. ఒక పరీక్షలో 309 మందిలో సుమారు సగం మందికి ఆ మందు, మిగతావారికి మందు లేని బిళ్ళ ఇచ్చారు. 24 వారాలకు మందు వాడినవారిలో నూటికి 42 మందికి ప్లీహం మూడోవంతుకు పైగా తగ్గింది. రెండో జట్టులో నూటికి ఒక్కరికి కూడా అంత తగ్గలేదు. 2011లో అమెరికా ప్రభుత్వం దాన్ని అనుమతించింది. అయితే దానితో జబ్బు పూర్తిగా పోదు, రక్తహీనత రావచ్చు. అందుకే ఇంకా మంచి మందుల కోసం పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి.

మామయ్యగారు అంగీకారపత్రం తెలుగులో కావాలని అడిగి తీసుకున్నారు. రెండు రోజులు చదివి, అత్తయ్యకూ వినిపించి, ఆ తర్వాతే సంతకం చేశారు.

మన కుటుంబాల్లో ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఇప్పుడున్న వైద్యం కంటే ఇందులో అదనంగా ఏం ఆశించవచ్చు? మందు లేని బిళ్ళ రావచ్చా? హాని జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారు? విశాఖకు రానుపోను ఖర్చులు ఎవరివి? మధ్యలో మానుకునే హక్కు రోగికి ఎప్పుడూ ఉంటుంది. మానుకున్నంత మాత్రాన మామూలు వైద్యం ఆపకూడదు. ఇవన్నీ అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.