ఎవరింటి ఎదుట గోడ వారే కట్టారు!

కూలిన యెరూషలేము ప్రాకారాన్ని నెహెమ్యా నాయకత్వంలో యూదులు 52 దినాల్లోనే కట్టేశారు (నెహెమ్యా 6:15). చాలామంది తమ ఇంటి ఎదుటి గోడను తామే బాగుచేశారు. యాజకులు కూడా తప్పించుకోలేదు (3:28)!

హైదరాబాదులో మన ఇంటి ఎదుట కూలిన గోడ ఏది? ఎయిమ్స్ వైద్యుల 2019 జాతీయ సర్వే ప్రకారం పెద్దలకన్నా పిల్లల్లో ఎక్కువగా ఉన్న మత్తు ఒక్కటే: వైట్‌నర్, జిగురు వంటివి పీల్చడం. పెద్దల్లో అది 0.58 శాతం, 10-17 ఏళ్లవారిలో 1.17 శాతం. వీటిని అమ్మడానికి ముఠాలు అక్కర్లేదు, వీధి చివరి దుకాణం చాలు. బడికి 100 గజాల లోపు సిగరెట్లు అమ్మరాదన్న 2003 నాటి చట్టమూ ఉంది. బస్తీ పెద్దలు, టీచర్లు, మసీదు కమిటీ, మన స్త్రీల సమాజం కలిసి వెళ్తే దుకాణదారు కాదంటాడా?

అయితే మన సంఘాల్లో అసలు చిక్కు సిగ్గు. కొడుకు గంజాయి తాగుతున్నాడని తెలిసిన తల్లి, వాడి జ్వరం కోసం ప్రార్థించమంటుంది! కేసవుతుందని ఒక భయం, సంఘం వెలివేస్తుందని మరో భయం. మొదటిదానికి చట్టమే జవాబిచ్చింది. మత్తు వాడిన కేసులో ఉన్నా, ఆ వ్యసనపరుడు తనంతట తానే ప్రభుత్వ గుర్తింపున్న ఆసుపత్రిలో చికిత్స పూర్తిచేస్తే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ అతణ్ణి శిక్ష నుండి కాపాడుతుంది. 14446 నంబరుకు ఫోన్ చేస్తే సలహా ఉచితం.

రెండో భయం తీర్చాల్సింది మనమే. ఆ కుర్రాణ్ణి గాయక బృందంలోంచి తీసేయడం తేలిక, సాయంత్రాలు వాడితో కూర్చోవడం కష్టం. ఆదివారం కానుకలు లెక్కించాక తాళంపడే చర్చి హాలు శనివారం దాకా ఖాళీయే కదా! ఒక క్యారమ్ బోర్డు, కాస్త ట్యూషను, ఓపికున్న ఒక పెద్దాయన ఉంటే చాలు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ ఆదివారమే అడగండి.