పెళ్లి డీవీడీలో ఒక్క ఘట్టాన్ని కత్తిరించడం ఎలా?

ఇంట్లో పాత పెళ్లి ఆల్బం తీస్తే పక్కనే డీవీడీ కూడా దొరకవచ్చు. అందులోంచి అప్పగింతలు మాత్రమే కత్తిరించి అమ్మమ్మ ఫోన్‌కు పంపాలంటే?

డిస్క్‌లో వీడియో_టీఎస్ అనే ఫోల్డర్, దాని లోపల వీఓబీ ఫైళ్లు ఉంటాయి. ఒక్కోటి 1 జీబీ మించదు. అందుకే తలంబ్రాలు సగం ఒక ఫైల్లో, సగం మరో ఫైల్లో పడొచ్చు.

ఎక్కడపడితే అక్కడ ఎందుకు కోయలేం? మన దేశంలో వాడిన పాల్ టీవీ పద్ధతి డీవీడీలో సెకనుకు 25 ఫ్రేములున్నా అన్నీ పూర్తి బొమ్మలు కావు. సాధారణంగా 12-15 ఫ్రేములకు ఒకటే పూర్తి బొమ్మ. మిగతావాటిలో మారిన వివరాలే ఉంటాయి.

ముందు ఫోల్డర్ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేయాలి. తర్వాత ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో అప్పగింతల మొదలు, ముగింపు సమయాలిచ్చి ఆ భాగాన్నే ఎంపీ4గా మార్చాలి. చేతులు కదిలినచోట దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే డీఇంటర్‌లేస్ ఆన్ చేయాలి.

డిస్క్‌పై గీతలు లోతుగా పడితే ప్లేయర్ దాన్ని చదవలేకపోవచ్చు. అందుకే మీ ఇంటి డీవీడీని ఇప్పుడే కాపీ చేసి పెట్టండి.