పూలకే కాదు, ఊరంతటికీ మార్కులు

ఐర్లండ్‌లో మేముండే పల్లెలో వేసవి సాయంత్రాలు పారలు, చెత్త సంచులు పట్టుకుని కొందరం బయల్దేరతాం. మాది 'టైడీ టౌన్స్' పోటీకి ఊరిని తయారుచేసే కమిటీ.

ఐర్లండ్ పర్యాటక సంస్థ 1958లో ఈ పోటీ మొదలుపెట్టింది. తొలి ఏడాది డోనెగల్ ప్రాంతంలోని గ్లెంటీస్ అనే చిన్న ఊరు గెలిచింది. ఇప్పుడు వందల ఊళ్లు పోటీపడతాయి. పరిశీలకులు చెప్పాపెట్టకుండా వస్తారు. పూలతోపాటు వీధుల శుభ్రతకీ, జీవవైవిధ్యానికీ మార్కులుంటాయి. ఏం బాగుచేసుకోవాలో కూడా రాసిస్తారు. బహుమతికన్నా ఆ నివేదికే విలువైనదంటాను.

పెట్యూనియా తొట్లు నా వంతు. వాడిన పువ్వు రేకలు లాగేస్తే చాలదు. కింద ఉబ్బుతున్న కాయతో సహా గిల్లాలి. గింజ కట్టిందంటే మొక్క కొత్త మొగ్గలు తగ్గించేస్తుంది. పనయ్యేసరికి వేళ్లన్నీ జిగురు.

రోడ్డంచున పసుపుపచ్చగా పూసే డాండిలియన్లను మాత్రం వసంతంలో కోయం. అప్పటికి తేనెటీగలకు దొరికే మేతల్లో అదొకటి. ఖమ్మం జిల్లాలో కలుపు తీస్తూ పెరిగిన నాకు మొదట్లో మనసొప్పలేదు. ఇప్పుడు కోత మిషన్ తెచ్చినవాళ్లకు నేనే అడ్డంపడుతున్నాను.

ఈ ఏడాది బస్టాపు వెనక ఆపిల్ మొక్కలు నాటాం. కాయలు ఎవరైనా కోసుకోవచ్చు.