ధరల హెచ్చుతగ్గులలో దాగిన అలలు: ఫోరియర్ లెక్క వర్తకునికి ఏమి చెబుతుంది?

సరకు నిల్వ పెట్టే వర్తకునికీ, పంట ఆపుకునే రైతుకూ ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ధర పెరిగింది సీజను మూలంగానా, లేక ఈ ఒక్క ఏటికి వచ్చిన తేజీయా? మొదటిదైతే వచ్చే ఏడు కూడా దానిని నమ్ముకుని సరకు ఆపవచ్చు. రెండవదైతే చివరికి మిగిలేవి గిడ్డంగి అద్దె, వడ్డీ, తరుగు మాత్రమే. ఈ రెండింటినీ విడదీసి చూపడానికి ఉపకరించే గణితమే ఫోరియర్ పరివర్తన.

ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫోరియర్ (1768-1830) లోహంలో వేడి ఎలా వ్యాపిస్తుందో పరిశీలిస్తూ 1807లో ఈ పద్ధతిని ప్యారిస్‌లో పండితుల ముందుంచాడు. 1822లో గ్రంథంగా వెలువరించాడు. ఎంత గజిబిజిగా కనిపించే గీతనైనా వేర్వేరు కాలవ్యవధులు గల క్రమమైన అలల మొత్తంగా రాయవచ్చుననేది ఇందులోని సారాంశం. ఏ అల ఎంత ఎత్తున ఉన్నదో, దాని శిఖరం ఎప్పుడు వస్తుందో పరివర్తన చెబుతుంది. ఆ అలలన్నిటినీ తిరిగి కూడితే మొదటి గీత యథాతథంగా వస్తుంది.

లెక్క వేసే తీరు కష్టమైనది కాదు. మన ధరలను, పరీక్షించదలచిన అలతో ఒక్కొక్కటిగా గుణించి కూడాలి. ధరలు ఆ అలతో కలిసి నడిచినట్లయితే మొత్తం పెద్దదిగా వస్తుంది. సంబంధం లేకుంటే హెచ్చులు, తగ్గులు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. శిఖరం ఎప్పుడు వచ్చినా దొరకాలి గనుక కొసైన్, సైన్ అనే రెండు అలలతోనూ గుణించాలి.

ఉదాహరణకు బెల్లం క్వింటాలు ధరలు మూడు నెలలకు ఒకటి చొప్పున రెండేళ్ళవి ఇలా ఉన్నవనుకుందాం. (ఇవి లెక్క కోసం ఊహించినవే గాని బజారు ధరలు కావు.)

మొదటి ఏడు: రూ. 3,600 - 4,100 - 4,400 - 3,900
రెండవ ఏడు: రూ. 3,700 - 4,000 - 4,500 - 3,800

సగటు రూ. 4,000. సగటు నుంచి తేడాలు: మైనస్ 400, 100, 400, మైనస్ 100, మైనస్ 300, 0, 500, మైనస్ 200.

ఏడాది అలకు కొసైన్ గుణకాలు 1, 0, మైనస్ 1, 0. తేడాలను వీటితో గుణించి కూడితే మైనస్ 1,600. దీనిని ధరల సంఖ్య 8తో భాగించి రెట్టింపు చేస్తే మైనస్ 400. సైన్ గుణకాలు 0, 1, 0, మైనస్ 1. మొత్తం 400; అదే విధంగా చేస్తే 100. ఈ రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం సుమారు 412. అంటే ఏడాది అల సగటుకు రూ. 412 పైకి, రూ. 412 కిందికి ఊగుతున్నది. దాని శిఖరం ఆగస్టు మొదటి రోజులలో పడుతుంది.

ఆరు నెలల అలకు గుణకాలు 1, మైనస్ 1, 1, మైనస్ 1. మొత్తం 400. మూడు నెలల ధరలలో కనిపించే అతి చిన్న అల ఇదే గనుక దీనికి రెట్టింపు లేదు. 8తో భాగిస్తే రూ. 50 మాత్రమే. తేడాల వర్గాల మొత్తం 7,20,000 కాగా, అందులో ఏడాది అల వాటా 6,80,000. అనగా ఈ ధరల ఊగులాటలో నూటికి 94 పాళ్ళు సీజనుదే.

ధరలు విడివిడిగా గాక ఎడతెగని ప్రమేయంగా ఉంటే ఇదే కూడిక సమాకలనం అవుతుంది. పద్ధతిలో భేదం లేదు. 1,024 ధరలకు అన్ని అలలూ ఇలా లెక్క కట్టాలంటే గుణకారాలు పది లక్షలు దాటుతాయి. 1965లో కూలీ, ట్యూకీ ప్రకటించిన శీఘ్ర పద్ధతితో ఆ పని పదివేల స్థాయికి దిగింది.

ఇక జాగ్రత్త పడవలసిన విషయం. బ్రిటిష్ ఆర్థికవేత్త విలియం బెవరిడ్జి 1921, 1922లలో ఐరోపా గోధుమ ధరలను 1545 నుంచి 1844 వరకు, 300 ఏళ్ళవి, ఇటువంటి లెక్కకు పెట్టాడు. పదిహేనేళ్ళ పైచిలుకు అల ఒకటి ప్రముఖంగా తేలింది. దానితో పాటు ఇంకా అనేక అలలు కూడా తేలాయి. వాటిలో నిజమైనవెన్ని? 1927లో మాస్కోలో స్లట్‌స్కీ లాటరీ అంకెలను తీసుకుని వరుసగా కొన్నేసి చొప్పున కూడి గీత గీశాడు. అది 19వ శతాబ్దపు ఇంగ్లీషు వ్యాపార సూచీని పోలి వచ్చింది! ఏ కారణమూ లేని అంకెలు కూడా అలల వలె కనిపించగలవని ఇది రుజువు చేసింది.

కాబట్టి లెక్కలో అల తేలినంత మాత్రాన నమ్మరాదు. రెండేళ్ళ ధరలతో మూడేళ్ళ ఆవర్తనాన్ని తేల్చడం అసాధ్యం. అల అనేకసార్లు తిరిగి రావాలి. ధరల పట్టీని రెండు సగాలు చేసి విడివిడిగా లెక్క వేస్తే రెండింటిలోనూ అదే ఎత్తు, అదే శిఖరం కనిపించాలి. అన్నిటికీ మించి కారణం ఉండాలి. ఏడాది అలకు పంట రాబడి అనే కారణం ఉన్నది. ఎవరైనా ఏడేళ్ళ తేజీ, పదకొండేళ్ళ మందీ అని చెబితే దాని కారణమేమిటో అడగాలి.

అల నిజమైనదైనా లాభం ఖాయం కాదు. పై ఉదాహరణలో అడుగు నుంచి శిఖరానికి రూ. 824 తేడా. ఆ మధ్యకాలపు అద్దె, వడ్డీ, తరుగు కలిపి క్వింటాలుకు అంతకు మించితే, సీజను కచ్చితంగా వచ్చినా సరకు ఆపినవానికి నష్టమే.