కిక్కిస, బొప్పాయి కాడ, కరెంటు పైపు

హంసలదీవి గుళ్లో వేణుగోపాలుడు, మొవ్వ గుళ్లో వేణుగోపాలుడు, క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడు. పిల్లనగ్రోవి పట్టిన స్వామిని ఇంతగా కొలిచే ఈ కృష్ణా డెల్టాలో వేణువుకు సరిపోయే వెదురు దొరకడం మాత్రం కష్టం. బందరు, గుడివాడ అడితుల్లో ఉండే బొంగులు పందిళ్లకీ నిచ్చెనలకీ తెచ్చినవి. సాధన వెదురైతే లోపల ఇంచుమించు గట్టిగా ఉంటుంది. మనకు కావలసింది గోడ పల్చగా, కణుపుకూ కణుపుకూ మధ్య జానెడున్నర దూరం ఉన్న గొట్టం.

అయినా నిరాశ అక్కర్లేదు. వేణువులో మోగేది వెదురు కాదు, లోపలి గాలి. పెదవుల మధ్య నుంచి వచ్చిన సన్నని గాలిపాయ ఊదే రంధ్రం అవతలి అంచుకు తగిలి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి ఊగుతుంది. ఆ ఊపుకే గొట్టంలోని గాలి కంపిస్తుంది. అమెరికా శాస్త్రవేత్త జాన్ కోల్ట్‌మన్ వెండి, రాగి, కర్రలతో ఒకే లోకొలత ఉన్న వేణువులు చేసి వినిపిస్తే, సంగీతం తెలిసినవాళ్లు కూడా తేడా పట్టలేకపోయారు. ఆ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి. లోపలి నునుపు, అంచు పదును, కొలత బాగుంటే గొట్టం ఏదైనా పలుకుతుందని నా నమ్మకం కూడా.

మురుగు కాలవల గట్ల మీద, గుడివాడకు ఈశాన్యాన కొల్లేటి అంచుల్లో కిక్కిస పెరుగుతుంది. ముదిరిన కాడ కోసి నీడన ఆరబెడితే చిన్న వేణువవుతుంది. బొప్పాయి ఆకు కాడ రెండ్రోజుల్లో వాడిపోతుంది కానీ, బ్లేడుతో తెగుతుంది గనక పెదవి పట్టు నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. నిలకడగా ఉండాలంటే ముప్పావంగుళం కరెంటు పైపే మేలు. ఒక చివర బిరడా బిగించి, దానికి కాస్త ఇవతల ఊదే రంధ్రం పెట్టాలి. వెదురుకు కాల్చిన చువ్వతో రంధ్రం పెడతారు, పీచు చీలకుండా. పైపుకు ఆ పని చేయకూడదు. కాలిన పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటు విషవాయువు వస్తుంది. డ్రిల్లు, ఆకురాయి చాలు.

ఇక పొడవు. 30 డిగ్రీల వేడిలో శబ్దవేగం సెకనుకు సుమారు 349 మీటర్లు. 440 హెర్ట్‌జ్ స్వరానికి సగం తరంగదైర్ఘ్యం, అంటే దాదాపు 40 సెంటీమీటర్లు కావాలి. కంపించే గాలి రంధ్రాల బయటికి కొంత పొంగుతుంది కాబట్టి, ఊదే రంధ్రం నుంచి చివరికి ఆ లెక్క కంటే కొన్ని సెంటీమీటర్లు తక్కువే సరిపోతుంది. ముందు పొడవుగానే ఉంచి, ఫోనులో శ్రుతి చూసుకుంటూ కొద్దికొద్దిగా కోయాలి. సంక్రాంతి చలిలో శబ్దవేగం తగ్గి శ్రుతి దిగుతుంది, అందుకని ఎండాకాలపు కొలతను అప్పుడు నమ్మకూడదు. వేలి రంధ్రాలూ చిన్నవిగా మొదలుపెట్టాలి. ఆకురాయితో పెంచితే స్వరం పైకి పోతుంది. మరీ పెరిగితే అంచుకు కాస్త తేనెమైనం పెట్టి దించవచ్చు.