గ్రేహౌండ్ కుక్కల పెంపకం – ఆరోగ్య జాగ్రత్తలు

గ్రేహౌండ్స్ అనగానే మన తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చేది పోలీసులే. 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పాటైన ఆ ప్రత్యేక దళం పేరు అందరికీ తెలుసు. ఆ పేరు గల కుక్క జాతి ఒకటి ఉన్నదని మాత్రం చాలామందికి తెలియదు. మాకు తెలుసు. ఎలా తెలుసో ముందుగా చెప్పి, తర్వాత అసలు విషయంలోకి వెళతాము.

మా నాన్న ఒక మామిడి తోటలో కాపలా పని చేసేవాడు. తోట యజమాని పట్నంలో ఉండేవారు. ఆయన ముచ్చటపడి ఒక గ్రేహౌండ్‌ను కొని తోటలో ఉంచారు. కొన్నది ఆయనే అయినా దానికి తిండి పెట్టింది, కడిగింది, తిప్పింది మా నాన్నే. ఒక వేసవి సాయంత్రం యజమానితో పాటు వచ్చిన స్నేహితుడొకరు కుక్క పక్కటెముకలు చూసి, "దీని కూడు దీనికి పెడుతున్నావా, నువ్వే తింటున్నావా?" అని నవ్వారు. ఆ మాట నాన్నకు గుచ్చుకుంది. అందరూ కలిసి కుక్కను తోటంతా పరుగెత్తించి వెళ్ళిపోయాక, నాన్న దానికి రోజూ పెట్టేదానికి రెండింతలు అన్నం, మాంసం రసం కలిపి పెట్టాడు. రాత్రి దాని పొట్ట డప్పులా ఉబ్బింది. కక్కబోతుంది, ఏమీ రాదు. వాము నీళ్ళు పట్టాడు, పొట్టకు నూనె రాశాడు. తెల్లవారేసరికి అది చనిపోయింది. "కుక్కను చంపావు" అని నాన్న జీతంలో రెండు నెలలు కోత పెట్టారు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మాతోనే మొదలు. ఎం.ఎస్సీ. జంతుశాస్త్రంలో చేరాక, పశువైద్యం చదువుతున్న ఒక మిత్రుని దగ్గర ఉన్న పుస్తకంలో ఆ రాత్రి చూసిన లక్షణాలన్నీ వరుసగా కనిపించాయి. ఈ కుక్క శరీరం మిగతా కుక్కల శరీరం వంటిది కాదని, అది తెలియకుండా ఎంత ప్రేమగా పెంచినా ప్రమాదమేనని అప్పుడు అర్థమైంది.

ఏమిటీ జాతి?

చాలా కుక్కలు వాసన పట్టి వేటాడితే, గ్రేహౌండ్ కంటితో చూసి వెంటాడుతుంది. సన్నని తల, పొడవైన కాళ్ళు, లోతైన ఛాతీ, లోపలికి పోయిన నడుము దీని గుర్తులు. గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తగలదు. అయితే ఆ వేగం కొద్దిసేపే. 1919లో అమెరికాలోని కాలిఫోర్నియాలో యంత్రపు కుందేలును ముందు పరుగెత్తించి ఈ కుక్కల చేత పందెం ఆడించే పద్ధతి మొదలైంది. 1926లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌కు చేరింది. కొన్నేళ్ళు పరుగెత్తి పందేనికి పనికిరాకుండా పోయిన కుక్కలను ఆ దేశాలలో కుటుంబాలు ఇంటికి తెచ్చుకొని పెంచుకుంటాయి. అందుకే వీటి సంరక్షణ గురించిన జ్ఞానం ఎక్కువగా అక్కడే పెరిగింది. కుక్కలకు జరిగే హాని చూసి అమెరికాలోని ఫ్లోరిడా ప్రజలు 2018లో ఓటు వేసి ఈ పందేలను వద్దన్నారు. 2020 చివరికల్లా అక్కడ అవి ఆగిపోయాయి.

మన పొరుగున కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ ప్రాంతపు వేటకుక్క కూడా ఇదే తరహా శరీరం గలది. 2005లో మన తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. మన ప్రాంతంలోని తోటల వద్ద ఇటువంటి కుక్కలే ఎక్కువగా కనిపిస్తాయి. కింద చెప్పిన తిండి, పడక, ఎండ జాగ్రత్తలు వాటికీ పనికివస్తాయి.

బక్కగా ఉండటం జబ్బు కాదు

ఈ జాతి ఒంట్లో కొవ్వు చాలా తక్కువ, కండ ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న గ్రేహౌండ్‌కు చివరి రెండు మూడు పక్కటెముకలు, తుంటి ఎముకల కొనలు కొద్దిగా కనిపిస్తూనే ఉంటాయి. వాటిని కనబడకుండా చేయాలని మేపితే బరువు పెరిగి కీళ్ళు దెబ్బతింటాయి. వెన్నుపూసలు అన్నీ పొడుచుకొని వచ్చి, తొడ కండ తగ్గిపోతే మాత్రం నిజంగా చిక్కినట్లు లెక్క. అప్పుడు నులిపురుగులు ఉన్నాయేమో, పళ్ళ నొప్పి ఉన్నదేమో పశువుల డాక్టరుకు చూపించాలి.

కడుపు మెలిపడటం

ఛాతీ లోతుగా ఉండే కుక్కలలో పొట్ట గాలితో ఉబ్బి, తన చుట్టూ తాను మెలి తిరిగే ప్రమాదం ఉంది. మెలి పడితే లోపలి గాలి బయటకు రాదు, రక్తం సరిగా ప్రసరించదు. కొద్ది గంటలలోనే ప్రాణం పోతుంది.

లక్షణాలు: పొట్ట బిగుసుకొని ఉబ్బడం, కక్కడానికి ప్రయత్నించినా ఏమీ రాకపోవడం, చొంగ కారడం, ఒకచోట నిలవలేక తిరగడం, తర్వాత కూలబడటం.

ఇది ఇంటి వైద్యంతో తగ్గదు. వాము నీళ్ళు, నూనె, సోడా పట్టడం వల్ల సమయం పోతుంది తప్ప మెలి విడదు. అర్ధరాత్రి అయినా సరే డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. చాలాసార్లు ఆపరేషనే మార్గం.

రాకుండా చూసుకోవడానికి రోజు తిండిని ఒకేసారి కాక రెండు మూడు పూటలుగా పెట్టాలి. ఆబగా మింగే కుక్కకు వెడల్పు పళ్ళెంలో పలుచగా పరిచి పెడితే నెమ్మదిగా తింటుంది. పరుగెత్తి వచ్చిన కుక్కకు రొప్పు తగ్గేవరకు తిండి పెట్టరాదు. తిన్నాక గంట, రెండు గంటలు పరుగెత్తించరాదు. నీళ్ళు మాత్రం రోజంతా అందుబాటులో ఉండాలి.

ఎండ, చలి, పడక

వెంట్రుకలు పొట్టిగా, చర్మం పలుచగా ఉండటం వల్ల ఈ కుక్క చలికీ తట్టుకోలేదు, ఎండకూ తట్టుకోలేదు. మన వేసవిలో తెల్లవారుజామున, పొద్దుగూకాక మాత్రమే తిప్పాలి. రోడ్డు మీద మన అరచేయి కాసేపు ఆనించి చూడాలి. మన చేయి కాలితే దాని పాదమూ కాలుతుంది. కుక్కకు సహజంగా ఉండే వేడి సుమారు 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటి, ఆగకుండా రొప్పుతూ తూలుతుంటే వడదెబ్బ అని అనుమానించాలి. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద చల్లని నీళ్ళు పోస్తూ గాలి తగిలేటట్లు చేసి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి.

ఎముకల మీద కండ, కొవ్వు మెత్తగా లేనిచోట గచ్చు ఒరుసుకొని పుండ్లు, మోచేతుల దగ్గర నీటి బుడ్డలు వస్తాయి. కాబట్టి మెత్తని పడక తప్పనిసరి. ఖరీదైన పరుపు అక్కర లేదు. పాత బొంత నాలుగు మడతలు వేసినా, గోనె సంచిలో గడ్డి కూరి పైన దుప్పటి పరచినా చాలు. వారానికొకసారి ఎండలో వేయాలి.

నడక, మెడ పట్టీ

ఇంత వేగం గల కుక్కకు రోజంతా పరుగు కావాలని అనుకుంటారు. నిజానికి ఇది రోజులో ఎక్కువ భాగం పడుకొనే కుక్క. ఉదయం, సాయంత్రం చెరి ఒక అరగంట నడక సరిపోతుంది. అయితే కుందేలో, పిల్లో, కోడో కంటపడితే పిలిచినా వినదు. కంచె లేనిచోట గొలుసు విప్పరాదు. దీని మెడ తలకంటే లావు. మామూలు పట్టీ తల మీదుగా జారిపోతుంది. వెడల్పుగా ఉండి, లాగినప్పుడు కాస్త బిగిసే పట్టీ వాడాలి.

ఈ కుక్కలను కొందరు కుందేళ్ళ వేటకు తీసుకుపోతుంటారు. అడవి కుందేలును వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కేసు వచ్చినప్పుడు కుక్క గొలుసు పట్టుకున్న పనివాడే ముందు దొరుకుతాడని మరువరాదు.

చర్మం, పళ్ళు, గోళ్ళు, గోమార్లు

పలుచని చర్మం ముళ్ళకంచె తగిలితే గుడ్డలా చిరుగుతుంది. పెద్ద గాయానికి కుట్లు వేయించాలి. పసుపు అద్ది వదిలేయరాదు. ఈ జాతిలో పళ్ళకు పాచి త్వరగా పడుతుంది. కుక్కల కోసం చేసిన పేస్టుతో తోమాలి, మనుషుల పేస్టు వాడరాదు. గోళ్ళు పెరిగితే వేళ్ళు వంకరపోతాయి. అరికాలి మెత్తలలో ఆనెకాయలు కూడా వస్తాయి. దెబ్బ తగలకుండానే కుంటుతూ, నొప్పి తగ్గకపోతే తప్పక ఎక్స్‌రే తీయించాలి. ఈ జాతిలో ఎముక క్యాన్సరు ఎక్కువ.

చెవుల లోపల, వేళ్ళ సందులలో గోమార్లు ఉన్నాయేమో రోజూ చూడాలి. అవి కుట్టడం వల్ల వచ్చే జ్వరం మన ప్రాంతంలో కుక్కలను ఎక్కువగా బాధించే జబ్బులలో ఒకటి.

డాక్టరుకు చెప్పవలసిన మాట

గ్రేహౌండ్ రక్తం కూడా వేరు. మామూలు కుక్క రక్తంలో ఎర్రకణాల భాగం నూటికి 37 నుండి 55 వరకు ఉంటే, దీనికి 60 దాటినా జబ్బు కాకపోవచ్చు. ప్లేట్‌లెట్లు, థైరాయిడ్ హార్మోను సహజంగానే తక్కువ. గోమార్ల జ్వరంలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి కనుక ఆ ఒక్క అంకె చూసి ఏదో ఒకటి అనుకుంటే పొరబాటు జరుగుతుంది. థయోపెంటాల్ వంటి పాతకాలపు మత్తుమందు ఇస్తే దీని శరీరం దానిని త్వరగా విరగ్గొట్టలేదు, మెలకువ రావడానికి చాలా ఆలస్యం అవుతుంది. ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజులకు రక్తం కారే అవకాశమూ ఉంది. కనుక "అయ్యా, ఇది గ్రేహౌండ్ జాతి" అని ముందే చెప్పాలి. ఆ మాట చెప్పడానికి మొహమాటపడవద్దు.

పెట్టకూడనివి

చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉడికించిన ఎముకలు పెట్టరాదు. నొప్పికి, జ్వరానికి మనం వేసుకొనే పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ మాత్రలు మనంతట మనం కుక్కకు వేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

టీకాలు

పిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయించాలి. పార్వో, డిస్టెంపర్ టీకాలు, నులిపురుగుల మందు కూడా అవసరం. ఏ కుక్క కరిచినా, గీరినా గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. మన హాస్టల్ మెస్ వెనుక తిరిగే కుక్కల విషయంలోనూ తమ్ముళ్ళు దీనిని గుర్తుంచుకోవాలి.

చివరిగా

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకు ఆ పుస్తకంలోని సంగతి చెప్పాము. ఒక్క ఆ రాత్రి తిండి వల్లనే కుక్క పోయిందని ఖాయంగా ఎవరూ చెప్పలేరని, మెలి పడ్డాక ఆపరేషన్ తప్ప ఆయన చేతిలో చేయగలిగింది ఏమీ లేదని వివరించాము. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పై తోటలో కొత్తగా చేరిన పిల్లగాడికి ఇట్లాంటి కుక్కనే అప్పజెప్పారు. వాడికి చదువొచ్చు. కాగితం మీద రాసివ్వు" అన్నాడు.

ఆ రోజు రాసి ఇచ్చిన కాగితాన్నే కొంత పెంచి ఈ సంచికకు ఇచ్చాము. కుక్కను కొనేవారు ఒకరు, పెంచేవారు మరొకరు అయినచోట ఈ సంగతులు పెంచేవారికి తెలియాలి. మన హాస్టల్ విద్యార్థుల తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఎందరో తోటలలో, ఫారాలలో, పెద్ద ఇళ్ళలో పని చేస్తున్నారు. సెలవులకు వెళ్ళినప్పుడు ఈ వ్యాసం వారికి చదివి వినిపించవలసిందిగా మా మనవి.