మోకాలి నొప్పి తగ్గట్లేదా? ‘జీన్’ మాటకు భయపడొద్దు, ఎక్స్‌రే మానొద్దు

అమరావతి: ఎముకలో పుట్టే క్యాన్సర్లలో పిల్లలకు ఎక్కువగా వచ్చేది ఆస్టియోసార్కోమా. 10 నుంచి 20 ఏళ్ల మధ్య, ఎముకలు చకచకా పెరిగే వయసులో, ఎక్కువగా మోకాలి దగ్గర వస్తుంది.

మన ఒంట్లోని టీ-కణాలు చెడిన కణాలను పట్టి చంపుతాయి. అవి హద్దు మీరకుండా సీటీఎల్ఏ-4 అనే ప్రొటీన్ బ్రేకు వేస్తుంది. ఈ బ్రేకుపై పరిశోధనకే జేమ్స్ అలిసన్‌కు 2018లో నోబెల్ వచ్చింది. దీని జీన్‌లో ఒకచోట కొందరికి ‘ఏ’ అక్షరం, కొందరికి ‘జీ’ ఉంటుంది. అమ్మ నుంచి, నాన్న నుంచి రెండూ ‘ఏ’లే వచ్చినవాళ్లకు ముప్పు కొంత ఎక్కువని చైనా అధ్యయనాల్లో కనిపించింది.

కానీ ఈ తేడా కోట్ల మందిలో ఉంది. వాళ్లలో దాదాపు ఎవరికీ ఈ జబ్బు రాదు. దీనికోసం జీన్ టెస్టులు అక్కర్లేదు. ‘వాళ్ల ఖాందాన్‌లోనే ఉంది’ అంటూ దీన్ని చూపించి ఆడపిల్లల రిష్తాలు ఆపడం అన్యాయం.

రాత్రి నిద్రలేపే నొప్పి, వాపు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే నజర్ అనో, ఆటలో దెబ్బ అనో మర్దనలు, కట్లతో కాలం గడపొద్దు. ముందు ఎక్స్‌రే తీయించండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనే నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది. త్వరగా వెళ్తే కాలు కాపాడుకునే అవకాశం ఎక్కువ.